గేరు రాడ్డు మోసుకొచ్చే కబురు

2017లో జర్మనీలోని స్టట్‌గార్ట్ శివారు జుఫెన్‌హౌజెన్‌లో తయారైన పోర్షే 911 జీటీ3 కొనేవాళ్ల ముందు కంపెనీ రెండు గేర్‌బాక్సులు పెట్టింది. ఒకటి పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. రెండోది కాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేరు వేసే 6 గేర్ల మాన్యువల్. దేన్ని తీసుకున్నా ధర ఒకటే. మొదటిదానితో కారు 3.4 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది, రెండోదానితో 3.9 సెకన్లు పడుతుంది. పందేల ట్రాకు మీదే పేరు తెచ్చుకున్న బండికి అర సెకను చిన్న తేడా కాదు. అయినా తెలిసి తెలిసి నిదానంగా పోయే కారునే ఎంచుకున్నవాళ్లున్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2013లో, ఇదే జీటీ3ని కంపెనీ పీడీకేతో మాత్రమే అమ్మింది. అభిమానులు అలిగారు. 2016లో 911 ఆర్ పేరుతో మాన్యువల్ గేర్ల కార్లు 991 మాత్రమే చేస్తే, చేతులు మారేటప్పుడు అవి అసలు ధరకు రెట్టింపు దాటి పలికాయి. మరుసటి ఏడాదే జీటీ3లోకి క్లచ్ పెడల్ తిరిగొచ్చింది. ఎక్కువ డబ్బు పోసి తక్కువ వేగం కొనుక్కోవడం ఏ లెక్కలో సబబు?

దీనికి తేలిగ్గా దొరికే జవాబు, పాతదనం మీద మమకారం అనేది. నడివయసుకొచ్చిన డబ్బున్నవాళ్లు కుర్రతనంలో గోడకు అంటించుకున్న బొమ్మను ఇప్పుడు కొనుక్కుంటున్నారని, గేరు రాడ్డు అందుకు ఒక సాకు అని అంటారు. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను కార్ల దగ్గర తిరగేసి చదువుకోవడమన్నమాట. మనస్తత్వ శాస్త్రం కూడా దీనికి కొంత ఊతమిస్తుంది. పదేళ్ల వయసు నుంచి ముప్పై దాకా జరిగినవే మనిషి జ్ఞాపకంలో ఎక్కువగా నిలుస్తాయని పరిశోధకులు ఎన్నోసార్లు చూపించారు. కానీ ఈ జవాబుతో సరిపెట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ఆ మమకారంలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి, గేరు రాడ్డు గుండా అరచేతికి చేరే సమాచారం. అది భౌతికమైనది, కొలవదగినది, అది పోయిందని బాధపడటంలో న్యాయముంది. రెండోది, ఆ కార్లు పుట్టిన పాత కర్మాగారం ఒక స్వర్ణయుగమన్న నమ్మకం. దానికి సాక్ష్యం దొరకదు. రెంటినీ విడదీసి చూడటానికి పోర్షే కథ బాగా పనికొస్తుంది, ఎందుకంటే గేర్లను సులువు చేసిందీ, క్లచ్ పెడల్‌ను తీసేసిందీ, తీసేసినదాన్ని తిరిగి తెచ్చిందీ ఆ ఒక్క కంపెనీయే.

ముందు గేర్‌బాక్స్ లోపలికి తొంగి చూద్దాం. పెట్రోలు ఇంజన్‌కు అన్ని వేగాల్లోనూ ఒకే సత్తువ ఉండదు. మరీ నెమ్మదిగా తిరిగితే లాగలేక ఆగిపోతుంది, ఒక హద్దు దాటి తిరిగితే విరిగిపోతుంది. ఆ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలోనే దాన్ని నడపాలి కాబట్టి ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య నిష్పత్తులు మార్చే పళ్లచక్రాల జతలు కావాలి. గేరు మార్చడమంటే ఒక పళ్లచక్రాన్ని పక్కకు జరిపి ఇంకోదానితో కలపడమని చాలామంది అనుకుంటారు. తొలినాటి కార్లలో నిజంగా అలాగే ఉండేది. ఇప్పటి మాన్యువల్‌లో ముందుకు నడిపే జతలన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. ప్రతి జతలో ఒక చక్రం షాఫ్టు మీద వదులుగా, తన మానాన తాను తిరుగుతూ ఉంటుంది. గేరు వేయడమంటే స్లీవ్ అనే పళ్ల గొట్టాన్ని జరిపి ఆ వదులు చక్రాన్ని షాఫ్టుకు బిగించడం. చిక్కంతా అక్కడే వస్తుంది. షాఫ్టు ఒక వేగంతో, చక్రం మరో వేగంతో తిరుగుతుంటే పళ్లు పళ్లలో దూరవు, కర్రుమని అరుస్తాయి. రెండూ ఒకే వేగానికి వచ్చే క్షణం ఒకటి కావాలి.

ఆ క్షణాన్ని తెచ్చే పని మొదట్లో డ్రైవరుదే. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్ వదిలి ఇంజన్‌ను సరిపడా రైజ్ చేయాలి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. మన పాత తరం లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్‌ను తెచ్చి ఈ భారాన్ని తగ్గించింది. పళ్లు కలిసే ముందే రెండు శంకువు ఆకారపు తలాలు ఒకదానితో ఒకటి రాసుకుని, ఆ రాపిడితో వేగాలను సమం చేస్తాయి. పోర్షే 1948లో మొదలుపెట్టిన 356 తొలి కార్లకు ఆ సుఖం లేదు, ఫోక్స్‌వాగన్ నుంచి తెచ్చుకున్న గేర్‌బాక్సే దిక్కు. 1950ల మొదట్లో కంపెనీ సొంతంగా ఒక సింక్రో రింగును రూపొందించి 356లో పెట్టింది, ఇతర కంపెనీలకూ లైసెన్సు మీద ఇచ్చింది. ఒకచోట చీలిక ఉన్న ఉక్కు రింగు అది. గేరు వేయబోయినప్పుడు స్లీవ్ ఆ రింగు మీదికి ఎక్కాలి. వేగాల్లో తేడా ఉన్నంతసేపూ రాపిడి బలమే రింగును విప్పార్చి స్లీవ్‌కు అడ్డు నిలుపుతుంది. తేడా పోయిన మరుక్షణం రింగు బిగువు సడలి దారి ఇస్తుంది.

ఆ దారి ఇవ్వడం చేతికి తెలుస్తుంది, నా వాదనకు ఇదే పునాది. మూడో గేరులో నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్న ఇంజన్ రెండో గేరులోకి వచ్చేసరికి సుమారు 6,000 దగ్గర ఉండాలనుకుందాం. క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ విడిపోతుంది కాబట్టి సింక్రో రింగు తిప్పాల్సింది క్లచ్ ప్లేటునూ, దానికి అంటుకున్న షాఫ్టునూ, పళ్లచక్రాలనూ మాత్రమే. బరువు తక్కువే అయినా వాటికీ జడత్వం ఉంది. వాటి వేగాన్ని అంత పెంచడానికి టార్క్ కావాలి, అదే పని సగం సమయంలో కావాలంటే రెట్టింపు టార్క్ కావాలి. ఆ టార్క్ పుట్టేది రింగు మీద డ్రైవరు చెయ్యి మోపిన బలం నుంచే. అంటే రాడ్డు నెట్టినప్పుడు అరచేతికి తగిలే ఎదురుబలం, లోపల తిరుగుతున్న ఉక్కు ఇంకా ఎంత వెనకబడి ఉందో చెప్పే కొలత. 1972 నుంచి 1986 దాకా 911లో వాడిన 915 గేర్‌బాక్స్‌ను తొందరపెట్టొద్దని తెలిసినవాళ్లు చెప్పేది ఇందుకే. రాడ్డును రింగు దాకా తెచ్చి, అది మెత్తబడే దాకా ఒక లిప్త ఆగితే గేరు తనంతట తానే పడుతుంది. బలవంతం చేస్తే రింగు అరుగుతుంది. 1987లో వచ్చిన జీ50 గేర్‌బాక్స్‌లో పోర్షే తన సొంత రింగును వదిలేసి, అందరూ వాడే శంకువు రకం సింక్రోకు మారింది. అడ్డు ఎప్పుడు తొలగిందో దానిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొద్దున్నే నూనె చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఏ గేర్‌బాక్సయినా మొరాయిస్తుంది, బండి వేడెక్కాక దారికొస్తుంది. మరీ జారుడు నూనె పోస్తే రింగుకు పట్టు దొరకదు, గంధకపు సంయోగాలు ఎక్కువున్న నూనె పోస్తే ఇత్తడి రింగులను తినేస్తుంది. నూనె ఏదో, రింగు అరుగుదల ఎంతో, ఇంజన్ వేగమెంతో, అన్నీ ఆ కాసింత కదలికలో చేతికి అందుతాయి. మనిషి అరచెయ్యి వీటిని పసిగట్టడానికి తగినదే. సెకనుకు రెండు మూడు వందలసార్లు అదిరే కదలికను పట్టుకోగల నాడీ గ్రాహకాలు చర్మం లోతుల్లో ఉన్నాయి, బలాన్ని తూచేవి కండరాల్లో, స్నాయువుల్లో ఉన్నాయి. పైగా చూసినదాని కంటే తాకినదానికి మనిషి కొంచెం త్వరగా స్పందిస్తాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. స్టీరింగ్ వెనక ఉన్న చిన్న మీటను వేలితో లాగినా గేరు మారుతుంది కదా, అది కూడా మనిషి చేసిన పనే కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం. 2002లో లండన్‌లో పాట్రిక్ హాగార్డ్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషులు తమంతట తాము మీట నొక్కితే పావు సెకను తర్వాత ఒక శబ్దం వినిపించేది. ఆ రెంటికీ మధ్య ఎడం అసలు కంటే తక్కువని వాళ్లకు అనిపించింది. మెదడును అయస్కాంత తరంగాలతో ప్రేరేపించి వేలిని కదిలించినప్పుడు మాత్రం ఎడం పెరిగినట్టు తోచింది. తన ఇష్టప్రకారం చేసిన పనిని, దాని ఫలితాన్ని మనసు దగ్గరికి లాక్కుంటుందన్నమాట. ఈ లెక్కన మీట లాగినవాడికీ 'ఇది నేను చేశాను' అనే తృప్తి దక్కాలి, దక్కుతుంది కూడా. కాబట్టి మాన్యువల్ అభిమానులు ఎప్పుడూ చెప్పే 'కారు నా చేతిలో ఉన్నట్టుంటుంది' అన్న మాట ఒక్కటే వాదనకు చాలదు. తేడా మరోచోట ఉంది. మీట పలికేది ఒకే మాట, అవును లేదా కాదు. కంప్యూటరు వద్దనుకుంటే ఆ ఆదేశాన్ని పక్కన పడేస్తుంది కూడా. గేరు రాడ్డుకు అవునుకూ కాదుకూ మధ్య బోలెడు మాటలున్నాయి. తప్పు చేసే వీలూ ఉంది. అయిదో గేరు వేయబోయి మూడో గేరులోకి తోస్తే ఇంజన్ హద్దు దాటి తిరిగి పాడవుతుంది. తప్పుకు ఫలితం ఉన్నచోటే నేర్పు అనేది పుడుతుంది.

అలాగని మాన్యువల్ గేరు ఆ కర్మాగారానికి ఏనాడూ పవిత్రమైన వస్తువు కాదు. మమకారం తరచుగా మరిచిపోయే చరిత్ర ఇది. 911 అమ్మకానికి వచ్చి మూడేళ్లు నిండాయో లేదో, 1967లోనే పోర్షే స్పోర్టోమాటిక్ అనే గేర్‌బాక్స్‌ను తెచ్చింది. దానిలో క్లచ్ పెడల్ లేదు. రాడ్డు అడుగున ఒక స్విచ్ ఉండేది. చెయ్యి తగలగానే ఆ స్విచ్ కలిసి, ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడితో పనిచేసే యంత్రం క్లచ్‌ను విడదీసేది. రాడ్డు మీద చెయ్యి ఆనించి కూర్చునే అలవాటున్నవాళ్లకు బండి నడుస్తుండగానే క్లచ్ విడిపోయేది. 1980 దాకా దాన్ని అమ్మారు. ఆ తర్వాత పందేల కోసం పీడీకే మీద పడ్డారు. బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లు ఇంకో క్లచ్ మీద ఉంటాయి. మూడో గేరులో పోతుండగానే నాలుగో గేరు సిద్ధంగా కలిసి ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే మరోటి పట్టుకుంటుంది. టర్బో ఇంజన్‌కు ఇది వరం, ఎందుకంటే గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదలక్కర్లేదు, టర్బోలో పేరుకున్న గాలి ఒత్తిడి పడిపోదు. 1986లో ఇటలీలోని మోంజాలో పీడీకే ఉన్న పోర్షే 962 పందెం గెలిచింది. రోడ్డు మీద తిరిగే 911లోకి అది 2008లో వచ్చింది. చెయ్యి చేసే పనిని తీసేయాలని నాలుగు దశాబ్దాలు పాటుపడినవాళ్లు ఆ కర్మాగారం ఇంజనీర్లే. వాళ్ల దృష్టిలో గేరు మార్చడంలో పోయే అర సెకను ఒక లోపం, దాన్ని వాళ్లు సరిచేశారు. ఆ లోపంతో పాటు ఎదురుబలం చెప్పే కబురు కూడా కొట్టుకుపోతుందని అప్పుడు ఎవరూ లెక్కలో వేసుకోలేదు, ఎందుకంటే స్టాప్‌వాచ్‌కు అది కనిపించదు.

కర్మాగారం సంగతికి వద్దాం. జుఫెన్‌హౌజెన్ మీద ఉన్న అభిమానానికి మంచి కారణాలే ఉన్నాయి. 1969 ఏప్రిల్‌లో 917 పందెపు కార్లు 25 తయారై ఉన్నాయని పరిశీలకులకు చూపించాల్సి వచ్చినప్పుడు, ఆఫీసు సిబ్బంది కూడా చేతులు కలిపి వాటిని బిగించారు. ఆ కారు గేరు రాడ్డు పిడిని బరువు తగ్గించడానికి బాల్సా చెక్కతో చేశారు. 356కు బాడీలు చేసిన రాయిటర్ షెడ్డు పోర్షే పక్కనే ఉండేది, ఆ సంస్థ సీట్ల విభాగమే తర్వాత రెకారోగా పేరు తెచ్చుకుంది. ఇంత దగ్గర దగ్గరగా, ఇంత చేతిపనితో కార్లు పుట్టిన చోటిని ప్రేమించడం సహజం. కానీ అదే చేతిపని 1990ల మొదట్లో కంపెనీని దాదాపు ముంచేసింది. 1986లో ఏడాదికి సుమారు 50 వేలున్న అమ్మకాలు 1993 నాటికి 14 వేల దరికి పడిపోయాయి. డాలరు విలువ పడిపోవడం ఒక కారణమే, ఒక్కటే కారణం కాదు. ఎత్తైన అరల్లో విడిభాగాలు పేరుకుపోయి ఉండేవి, వాటిని తెచ్చుకోవడానికే పనివాళ్ల పొద్దు సగం గడిచేది, సరిగ్గా కుదరని భాగాలను నేర్పున్న చేతులు చివర్లో సరిచేసేవి. ఆ నేర్పు గొప్పదే, కానీ అది ఖర్చవుతున్నది మొదటే జరగకూడని తప్పును దిద్దడం మీద. టయోటా పద్ధతి తెలిసిన జపాన్ నిపుణులను కంపెనీ అధిపతి వెండెలిన్ వీడెకింగ్ పిలిపించారు. వాళ్లు ఆయన చేతికే రంపం ఇచ్చి ఆ అరల పైభాగాలు కోయించారు. అర పొట్టిదైతే సరుకు తక్కువ పడుతుంది, తక్కువ పడితే తప్పు వెంటనే బయటపడుతుంది. పాత కర్మాగారం మీద మమకారమున్నవాళ్లు ఆ రంపం చప్పుడును కూడా గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. ఈ రోజు వాళ్లు ముద్దుచేసే 911 బతికి ఉండటానికి ఆ రంపమూ ఒక కారణం.

గేరు రాడ్డు అనుభవంలోనూ ఇలాంటి పొల్లు కొంత ఉంది. 911లో ఇంజన్ వెనక చక్రాల వెనక ఉంటుంది, దాని ముందు గేర్‌బాక్స్ ఉంటుంది. పాత 911ల్లో డ్రైవరు పక్కనున్న రాడ్డు నుంచి అక్కడి దాకా కారు నడుమ సొరంగంలో పొడవాటి ఇనుప కడ్డీ పోతుంది, మధ్యలో కీలు దగ్గర ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. అవి అరిగితే రాడ్డు ఊగుతుంది, రెండో గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. పాత బండికి ఇదొక వ్యక్తిత్వం అని మెచ్చుకునేవాళ్లున్నారు. అది వ్యక్తిత్వం కాదు, మార్చాల్సిన బుష్. రింగు చెప్పే కబురుకూ బుష్ చేసే గోలకూ తేడా తెలియకపోతే మాన్యువల్‌ను సమర్థించేవాళ్ల వాదన తేలిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మనకు నేడు కనిపించే పాత కార్లు బతికి బట్టకట్టినవి, ఏళ్ల తరబడి డబ్బు పోసి బాగుచేయించినవి. తుక్కుకు పోయినవాటిని ఎవరూ ప్రదర్శనకు పెట్టరు.

ఇది ధనవంతుల ముచ్చట, దీనికింత శాస్త్రం ఎందుకన్నది మరో అభ్యంతరం. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో గంట గడిపినవాళ్లకు క్లచ్ పెడల్ మీద ప్రేమ పుట్టదు, పుట్టాలని కోరడమూ తప్పే. ఎడమకాలు పనిచేయనివాళ్లకు ఆటోమేటిక్ గేరు ఒక సౌకర్యం కాదు, బండి నడపగలగడమే దాని వల్ల. ఇంధనం విషయంలో మాన్యువల్ పొదుపన్న పాత మాట కూడా ఇప్పుడు నిలవదు, ఎనిమిది తొమ్మిది గేర్ల కొత్త ఆటోమేటిక్‌లు చాలాచోట్ల దాన్ని దాటేశాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవేవీ సమాచారం గురించిన వాదనను తాకవు. యంత్రం తన లోపలి స్థితిని మనిషి శరీరానికి ఎలా తెలియజేయాలన్నది విమానాల దగ్గర్నుంచి శస్త్రచికిత్స రోబోల దాకా ఇంజనీర్లు తలపట్టుకునే ప్రశ్న. గేర్‌బాక్స్ ఆ పనిని ఏ సెన్సరూ లేకుండా, ఎవరూ పథకం వేయకుండానే, ఒక రింగు రాపిడితో చేసి పెట్టింది. స్పోర్ట్స్ కారును ఎంచుకోవడం వల్ల దాని విలువ తేటగా కనిపిస్తుంది, అంతే. అక్కడ జనం ఆ కబురు కోసం డబ్బు పెడుతున్నారు, వేగాన్ని వదులుకుంటున్నారు. 2023లో వచ్చిన 911 ఎస్/టీని కంపెనీ మాన్యువల్‌తో మాత్రమే చేసింది, 911 పుట్టిన 1963కు గుర్తుగా 1,963 కార్లు. దానిలో క్లచ్, ఫ్లైవీల్ కలిపి తిరిగే బరువును 10.5 కిలోలు తగ్గించారు. తిరిగే బరువు తగ్గితే ఇంజన్ వేగం కాలి కదలికకు వెంటనే లేస్తుంది, పడుతుంది, కింది గేరుకు వేగం కలపడం ఇంకా కచ్చితంగా కుదురుతుంది. మమకారం మీద మాత్రమే ఆడే కంపెనీ అయితే పాత బ్యాడ్జీ అతికించి ఊరుకునేది.

ఇప్పుడు గేర్లే లేని కార్లు వస్తున్నాయి. ఎలక్ట్రిక్ మోటారు నిలుచున్నచోటి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, విశాలమైన వేగాల్లో పనిచేస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు ఉన్నది ఒకే గేరు. 2014లో ఆ పోటీలు మొదలైనప్పుడు కార్లకు అయిదు గేర్లుండేవి. అదే 2023లో హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారులో లేని గేర్లను ఉన్నట్టు నటింపజేసింది. మోటారు టార్క్‌ను క్షణంపాటు తగ్గించి కుదుపునిస్తుంది, స్పీకర్లలోంచి శబ్దం వస్తుంది. దీన్ని నాటకమని కొట్టిపారేయాలని నాకు లేదు. ఆ కుదుపు మోటారు నిజంగా ఏ స్థితిలో ఉందో, టైరు పట్టు ఎంత మిగిలిందో చెబితే అది సమాచారమే, దాని పుట్టుక ఇనుపదైనా సాఫ్ట్‌వేరుదైనా. లేని గేరును ఉన్నట్టు చెబుతున్నంతకాలం మాత్రం చేతికి అందేది పాత జ్ఞాపకమే, కబురు కాదు.

జుఫెన్‌హౌజెన్‌లో 2019 నుంచి టైకాన్ అనే ఎలక్ట్రిక్ కారు తయారవుతోంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలా కాకుండా దాని వెనక ఇరుసు మీద గేర్‌బాక్స్ ఉంది, రెండు గేర్లున్నాయి. మొదటిది నిలిచినచోటి నుంచి దూకడానికి, రెండోది పెద్ద వేగాలకు. వాటిని మార్చేది కంప్యూటరు. అక్కడే బిగించే 911 కరేరా టీకి మాత్రం ఇప్పటికీ మాన్యువల్ ఒక్కటే దొరుకుతుంది, దాని గేరు రాడ్డు పిడిని వాల్‌నట్ చెక్కతో చేస్తున్నారు. ఒకే కర్మాగారంలో తయారయ్యే ఆ రెండు కార్ల గేర్‌బాక్సుల్లోనూ పళ్లు పళ్లలో కలిసే ముందు వేగాలు సమమవ్వాల్సిందే. ఒకదానిలో ఆ క్షణం అరచేతి కింద జరుగుతుంది, ఇంకోదానిలో ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది.